ముక్కుదిబ్బడ డిటెక్టివ్, మూడు పచ్చిమిరపకాయలు

"శాబా, నేరం ఇంకా పుట్టకముందే దాని వాసన పసిగట్టగల ముక్కు ఈ భూప్రపంచంలో ఒకే ఒక్కటుంది. ప్రస్తుతం దానికి జలుబు చేసింది."

ఇలా ప్రకటించి లిగోరియో ఫుర్తాద్ చేతిరుమాల్లోకి ఒక్క చీదు చీదాడు. కిటికీ ఊచ మీద కూచున్న కాకి హడలిపోయి ఎగిరిపోయింది.

లిగోరియో నా రూమ్మేటు. ఎం.ఏ. చరిత్ర రెండో ఏడు. మడగావ్ బజారు మధ్యలో పుట్టి పెరిగిన వాడు. ఏప్రిల్ నెలలో గోవా గోవా అంతా ఒంటిమీద బనియను కూడా బరువే అనుకుంటుంటే, ఇతగాడు మాత్రం తాతగారి ఉన్ని టోపీ పెట్టుకుని, మోకాళ్ళ దాకా రెయిన్‌కోటు తొడుక్కుని కొండ మీది మా యూనివర్సిటీ హాస్టల్ వరండాల్లో గోడలకి ఆనుకుని నడిచేవాడు. గోడలకి ఆనుకుని ఎందుకంటే నీడలో కలిసిపోవాలట. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి నీడెక్కడుంటుందిరా అని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే అరగంట ఉపన్యాసం.

జీడిమామిడి పూత పడిందంటే లిగోరియో ముక్కు మూసుకుపోతుంది. పండ్లన్నీ రాలిపోయేదాకా తెరుచుకోదు. అందుకని ఆ నాలుగు నెలలూ అతని ముక్కు పని నేను చేస్తుంటాను. నా పేరు శాబా గావస్. సత్తరి అడవుల పక్కన, జీడితోటల నడుమ పుట్టినవాణ్ణి. రసం పిండి ఎన్ని గంటలైందో గదిలోకి అడుగు పెట్టకుండానే చెప్పగలను. "నువ్వు నా అద్దె ముక్కువి," అనేవాడు లిగోరియో ఆప్యాయంగా.

"ఇంతకీ నేరం ఏమిటి?" అన్నాను.

"మూడు పచ్చిమిరపకాయలు. ఒక నిమ్మకాయ. చిటికెడు రాళ్ళుప్పు. మన మెస్సు నుంచి రోజూ మాయమవుతున్నాయి. పదకొండు రోజులుగా! వంట చేసే కొంసు ఆంటీ స్వయంగా నాకు చెప్పింది." అతను గొంతు తగ్గించాడు. "శాబా, మిరపకాయ, నిమ్మకాయ, ఉప్పు. ఈ మూడూ కలిస్తే ఏమిటి?"

నేను అటు తిరిగి దుప్పటి మడతపెట్టడం మొదలెట్టాను. "ఏమిటి?"

"దిష్టి! క్షుద్రప్రయోగం! పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి. ఫస్టు ర్యాంకు వచ్చేవాడి మీద ఎవడో చేతబడి చేస్తున్నాడు. ఈ కొండ మీద ఒక పైశాచిక మేధస్సు పనిచేస్తోంది!"

ఆ పైశాచిక మేధస్సు నేనే.

కథ చదివేవాళ్ళ దగ్గర దాపరికం ఎందుకు, ఇక్కడే చెప్పేస్తాను. ఏప్రిల్ వస్తే మా వైపు జీడిపండ్ల రసం పులియబెట్టి బట్టీ పెడతారు. మొదటి విడత దిగేదాన్ని ఉర్రాక్ అంటారు. రెండో విడతది ఫెణి. గ్లాసులో రెండు వేళ్ళ ఉర్రాక్, పైన నిమ్మసోడా, నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయ, అంచుకి ఉప్పు. ఇది తాగుడు కిందికి రాదని నా గట్టి అభిప్రాయంగా ఉండేది. ఇది ఏప్రిల్ కిందికి వస్తుంది. ఎండాకాలం వడదెబ్బకి మా తాత కూడా ఇదే పుచ్చుకునేవాడు.

మొదట శనివారాలు మాత్రమే. తర్వాత రెండు శనివారాలకి మధ్య మరీ ఎడం ఎక్కువైందని బుధవారం కూడా. బుధవారం ఒంటరిదైపోతుందని గురువారం. పరీక్షల టైంటేబుల్ గోడకి అతికించిన రోజునుంచీ ఏ వారమో చూసుకోవడం మానేశాను. ఇంటినుంచి తెచ్చిన సీసాలు ఎక్కడ దాచేవాణ్ణంటారా? లిగోరియో మంచం కింది ట్రంకుపెట్టెలో. దాని మీద అతనే ఎర్ర సిరాతో "సాక్ష్యాలు. ముట్టుకోరాదు" అని రాసి పెట్టుకున్నాడు. రెయిన్‌కోటుతో వంగలేడు కాబట్టి పెట్టె సర్దే పని నాది. మా హాస్టల్లో అంతకన్నా భద్రమైన చోటు ఇంకోటి లేదు.

దిష్టి సిద్ధాంతం పట్టుకుని లిగోరియో నన్ను వెంటేసుకుని వార్డెన్ కేణీ సార్ దగ్గరికి వెళ్ళాడు. సార్ లెక్కల ప్రొఫెసరు. అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమయ్యా ఫుర్తాదూ, నువ్వు గోవాలోనే పుట్టావా?"

"అవును సార్. మడగావ్ సార్."

"ఏప్రిల్లో పచ్చిమిర్చి, నిమ్మకాయ, ఉప్పు ఒకేచోట కనబడితే చర్చిలో ఫాదర్ని అడిగినా చెప్తాడు కదయ్యా అదేమిటో!"

"ఏమిటి సార్?"

"ఉర్రాక్ రా నాయనా! ఎవడో హాస్టల్లో కూచుని తాగుతున్నాడు!"

లిగోరియో టోపీ సర్దుకుని, "నేను కూడా సరిగ్గా ఆ కోణంలోనే వస్తున్నాను సార్," అన్నాడు.

సార్ మొహంలో నవ్వు మాత్రం ఎక్కువసేపు లేదు. "చూడండి. పోయినేడు ఏమైందో మీకు తెలుసు. ఆ పిల్లాడు తాగి మెట్ల మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంటే ఆస్పత్రిలో వాళ్ళ అమ్మ నా కాళ్ళ మీద పడింది. అది నా కళ్ళ ముందునుంచి ఇంతవరకూ పోలేదు. ఈ ఏడు నేను మాటిచ్చాను. ఎవడు తాగినా సరే, అదే రోజు సాయంత్రానికి పెట్టె సర్దుకుని గది ఖాళీ చేయాలి. శుక్రవారం పదకొండింటికి పేరు నా బల్ల మీద ఉండాలి."

అలా లిగోరియో మత్తు నివారణ కమిటీకి కార్యదర్శి అయ్యాడు. కమిటీలో ఇంకెవరూ లేరు, నేను తప్ప.

మొదటి పనిగా అతను ఒక ప్రశ్నాపత్రం తయారుచేసి గదిగదికీ పంచాడు. 'గత ముప్పై రోజుల్లో ఎన్నిసార్లు తాగారు? ఏం తాగారు? ఎవరితో? ఎవరు పోశారు? ఇది పూర్తిగా రహస్యం. పేరు రాయనక్కర్లేదు, గది నంబరు రాస్తే చాలు.' నూట నలభై మంది పూరించి ఇచ్చారు. నూట ముప్పై తొమ్మిది మంది జన్మలో ముట్టలేదన్నారు. నూట నలభయ్యోవాడు మాత్రం 'ఇంకా మొదలెట్టలేదు, నువ్వు పోయిస్తావా?' అని రాశాడు. లిగోరియో ఆ ఒక్కణ్ణీ మూడు గంటలు ప్రశ్నించాడు. అది నేను రాసిన కాగితం కాదు. నేను నూట ముప్పై తొమ్మిదిలో ఉన్నాను.

రెండో పని, మెస్సులో మాటు వేయడం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కొంసు ఆంటీ చేపల గంపలు కడిగే వేళ అతను వంటింట్లో బియ్యం డ్రమ్ములోకి దిగి, మూత కొంచెం తెరిచి పెట్టుకుని కూచున్నాడు. నన్ను తలుపు దగ్గర కాపలా పెట్టాడు.

పది నిమిషాలకి డ్రమ్ములోంచి గొంతు వినిపించింది. "శాబా! దొంగ వస్తే పోల్చుకోవడానికి నమూనా కావాలి. ఆ బుట్టలోంచి మూడు మిరపకాయలు తీసి జేబులో పెట్టు."

"మూడా?"

"మూడే. నిమ్మకాయ కూడా ఒకటి తీయ్. ఏ చిన్న విషయాన్నీ వదలకూడదు."

తీశాను. నా జీవితంలో అంత దర్జాగా దొంగతనం ఎప్పుడూ చేయలేదు. సరిగ్గా అప్పుడే అతనికి తుమ్ము వచ్చింది. డ్రమ్ము మొత్తం గంటలా మోగింది. కొంసు ఆంటీ గరిటె పుచ్చుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఎవడ్రా నా బియ్యంలో! పందికొక్కా!"

"ఆంటీ, నేను! చట్టం!"

"చట్టమో చట్టుబండో, బూట్లతో దిగావట్రా బియ్యంలోకి! రాత్రి అందరూ తినాల్సిన బియ్యం! బయటికి రా, నీ టోపీ పొయ్యిలో పెట్టి కాలుస్తా!"

ఆమె గరిటె ఆ టోపీ మీద నాలుగుసార్లు పడింది. ఐదోసారి పడబోతుండగా నేను అడ్డు వెళ్ళాను. జేబులో మూడు మిరపకాయలు పెట్టుకుని మరీ వెళ్ళాను.

ఇంతవరకూ నాకు ఇదంతా నవ్వులాటగానే ఉంది. బుధవారం సాయంత్రం ఆ నవ్వు పోయింది.

ఆ రోజు లిగోరియో "చెప్పుల సర్వే" అని కొత్త పద్ధతి కనిపెట్టాడు. తాగినవాడి నోరు అబద్ధం చెప్పినా చెప్పులు చెప్పవట. ఎక్కడెక్కడ తిరిగాయో వాసనతో చెప్పేస్తాయట. వాసన చూడాల్సింది మాత్రం నేను. పై అంతస్తు దాకా గది గది ముందూ వంగి, నూట నలభై జతల చెప్పులు. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళ గది దగ్గర నాకు కళ్ళు తిరిగి కాసేపు కిటికీ దగ్గర కూచోవాల్సి వచ్చింది.

చిట్టచివరి గది ముందు ఒక పాత రబ్బరు చెప్పుల జత ఉంది. వంగక ముందే తెలిసిపోయింది నాకు. జీడిపండు. తీపిగా, వగరుగా, కొంచెం పులుపు తిరుగుతూ. చెప్పుల నిండా నిండి ఉంది.

ఆ గది పునో వేళిప్‌ది. పోయినేడు మెట్ల మీంచి పడ్డవాడు అతనే. కాణకోణ కొండల మీది పిల్లాడు. వాళ్ళ వాడలో ఎమ్మెస్సీ దాకా వచ్చినవాడు ఇంకొకడు లేడు. తుంటి అతుక్కున్నాక కుంటుకుంటూ తిరిగి వచ్చి, "ఇకమీద తాగను, మద్యం ఉన్న చోటికి వెళ్ళను" అని కేణీ సార్‌కి కాగితం రాసిచ్చాడు. అదే ఆఖరి అవకాశం. ఇల్లు మూడున్నర గంటల బస్సు, ఆ తర్వాత కొండ ఎక్కాలి. హాస్టలు పోతే పరీక్ష పోయినట్టే. ఈ నెలలో రోజూ మూడింటికి ఎక్కడికో వెళ్ళి, ఆరింటికి కళ్ళు ఎర్రబడి వస్తున్నాడని అందరూ గుసగుసలాడుతున్నారు.

"ఏం వాసన?" లిగోరియో నా భుజం పట్టుకుని ఊపాడు. "చెప్పు శాబా, చెప్పు! నా ముక్కా, మాట్లాడు!"

నాకు ఏం వాసనో తెలుసు. అది ఉర్రాక్ కాదు. బట్టీ ఎక్కని వట్టి రసం. మా ఊళ్ళో జీడిపండ్లని రాతి తొట్టిలో పోసి కాళ్ళతో తొక్కుతారు. తొక్కినవాడి పాదాలకి పట్టిన ఆ వాసన పది రోజులైనా వదలదు. తాగినవాడి చెప్పులకి ఆ వాసన రానే రాదు. వాడు తాగేది నోటితో కదా! సత్తరిలో అయిదేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు ఈ తేడా. మడగావ్ లిగోరియోకి తెలీదు.

"ఉర్రాక్," అన్నాను.

ఎందుకన్నానో చెప్పనా? ఆ క్షణంలో నాకు భుజాల మీంచి బస్తా దించినట్టయింది. అంతే. అంతకు మించి వేరే కారణం లేదు.

లిగోరియో ఆనందంతో రెయిన్‌కోటు ఎగరేశాడు. నేను గదికి వచ్చి ట్రంకుపెట్టె తెరిచాను. ఆ సాయంత్రం రెండు వేళ్ళు కాస్తా నాలుగు వేళ్ళయ్యాయి.

శుక్రవారం పొద్దున్న నాకు అన్నం, పావ్ ఏదీ సయించలేదు. పది గంటలకి లిగోరియో స్నానానికి వెళ్ళాడు. పదకొండింటికి సార్ గదిలో నిలబడి పునో మొహం చూడాలి. ఒక్క గుక్క పడితే నిలబడగలననిపించింది. పొద్దున్న పూట అదే మొదటిసారి. సోడా లేదు. మిరపకాయ ఒకటి చీల్చి వేసుకున్నాను, చేతులు తుడుచుకున్నాను, నోట్లో సోంపు నమిలాను. నాలుగడుగులు వేశాక మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో గుక్క.

కేణీ సార్ గదిలో అయిదుగురం. బల్ల వెనక సార్. ఈ పక్క ఫిర్యాదుదారు హోదాలో కొంసు ఆంటీ, ఒళ్ళో గరిటెతో. గరిటె ఎందుకమ్మా అంటే అలవాటు అంది. మధ్యలో పునో, తలొంచుకుని. అతని పక్కన టోపీ, రెయిన్‌కోటు, వాటి లోపల లిగోరియో. తలుపు దగ్గర నేను.

"ఈ కొండ మీద పదిహేను రోజులుగా చీకట్లో తిరుగుతున్న ముసుగు మనిషిని..." అని మొదలెట్టాడు లిగోరియో.

"పేరు చెప్పవయ్యా," అన్నారు సార్.

"పునో వేళిప్. ఆధారం, చెప్పులు."

సార్ మొహం పాలిపోయింది. కోపం వచ్చిన మొహం కాదది. "పునో, నిజమా?"

"తాగలేదు సార్."

"మరి రోజూ మూడింటికి ఎక్కడికి వెళ్తున్నావు?"

పునో తలెత్తాడు. "కొండ కింద మా మేనత్త బట్టీ ఉంది సార్. మామ పోయాడు. ఈ సీజన్లో ఆమెకి కాలు విరిగింది. పండ్లు తొక్కేవాళ్ళు లేరు. తొక్కకపోతే రాలినవి రాలినట్టే కుళ్ళిపోతాయి. నేను తొక్కి వస్తున్నాను. బట్టీ పొగకి కళ్ళు ఎర్రబడుతున్నాయి. నేను కాళ్ళతో తొక్కాను సార్, నోటితో ముట్టలేదు."

"ముందే చెప్పొచ్చు కదా!"

"మద్యం ఉన్న చోటికి వెళ్ళనని కాగితం రాసిచ్చాను సార్. వెళ్ళానని చెప్తే మీరు నమ్మేవాళ్ళా?"

సార్ కళ్ళు బల్ల మీది ఆ కాగితం మీదికి పోయాయి. నమ్మేవారు కాదని ఆయనకీ తెలుసు.

"కట్టుకథ!" అన్నాడు లిగోరియో. "కాళ్ళతో తొక్కడమా? ఈ రోజుల్లో! మెషిన్లు లేవా? సార్, నా దగ్గర తిరుగులేని శాస్త్రీయ పరీక్ష ఉంది. పచ్చిమిరపకాయ చీల్చినవాడి వేళ్ళకి ఆ ఘాటు అంత సులువుగా వదలదు. నేరస్థుడు తన వేళ్ళతో తన కళ్ళు తనే నులుముకోవాలి. మంట పుడితే దొంగ!"

"ఇదేం పరీక్షయ్యా?"

"విదేశాల్లో వాడుతున్నారు సార్."

పునో మారు మాట లేకుండా రెండు చేతులతో కళ్ళు నులుముకున్నాడు. ఏమీ కాలేదు. లిగోరియో దగ్గరికి వెళ్ళి ఆ కళ్ళలోకి తొంగి చూశాడు. ఏమీ లేదు.

"గట్టిగా నులమట్లేదు సార్! మోసం చేస్తున్నాడు! శాబా, ఇలా రా. ఎలా నులమాలో నువ్వు చేసి చూపించు."

"నేనా?"

"నువ్వే. నిర్దోషి కళ్ళు ఎలా ఉంటాయో అందరూ చూడాలి."

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అతను నా మణికట్లు రెండూ పట్టుకుని, నా వేళ్ళతోనే నా కళ్ళని చపాతీ పిండిలా పిసికేశాడు.

అమ్మా!

ఇంక ఏం చెప్పను. రెండు కళ్ళలో రెండు బట్టీలు అంటుకున్నాయి. నీళ్ళు ధారలు కట్టాయి, ముక్కు కారింది, నేను గోడ పట్టుకుని కిందికి జారాను.

"చూశారా సార్!" లిగోరియో నా తల నిమిరాడు. "నా అసిస్టెంటు ఎంత మెత్తని మనసువాడో! తోటి విద్యార్థి పతనం చూసి తట్టుకోలేకపోతున్నాడు!"

కొంసు ఆంటీ కుర్చీలోంచి లేచింది. నా చెయ్యి లాగి వేళ్ళు వాసన చూసింది. "మనసు కాదురా మొద్దబ్బాయ్. ఇది నా మిరపకాయ!"

ఇక అయిపోయింది అనుకున్నాను.

అవ్వలేదు. లిగోరియో చెయ్యెత్తాడు. "అవును, మీ మిరపకాయే! నేనే తీయమన్నాను. డ్రమ్ములో కూచుని. సాక్ష్యం కోసం. శాబా దాన్ని చీల్చి పరిశీలించి ఉంటాడు. కదూ శాబా? సార్, ఇతను నా మనిషి. ఇతనికి నేను హామీ."

సార్ నిట్టూర్చి కళ్ళజోడు పెట్టుకున్నారు. "సరేలే. ఆ పిల్లాడికి ఎవరైనా నీళ్ళివ్వండి." ఆయన పునో రాసిచ్చిన పాత కాగితాన్ని ముందుకి లాక్కుని పెన్ను మూత తీశారు. మూత తీసిన చప్పుడు నాకు వినబడింది. నేను తప్పించుకున్నాను. నోరు మూసుకుని కూచుంటే చాలు, ఇంకేమీ చేయనక్కర్లేదు.

నీళ్ళు తెచ్చింది పునో. బల్ల మీది గ్లాసు తీసుకుని, తుంటి నొప్పితో మెల్లగా నా పక్కన నేల మీద కూచుని, నా గడ్డం పైకెత్తి కళ్ళలో పోశాడు. అతని మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. పోస్తున్న చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. సోంపు అందరినీ మోసం చేస్తుంది, అతన్ని చేయలేదు.

అతను ఎవరికీ వినబడకుండా అడిగాడు. "పొద్దున్నే మొదలెట్టావా?"

తిట్టలేదు. నన్ను ఇరికించావు కదరా అనలేదు. ఆస్పత్రిలో పక్క మంచం మీదివాణ్ణి ఎప్పటినుంచి జ్వరం అని అడిగినట్టు అడిగాడు. నాకు అప్పటిదాకా కారింది మిరపకాయ నీళ్ళు. ఆ తర్వాత కారినవి వేరే.

"సార్, ఆగండి," అన్నాను. "ఆ చెప్పుల్లో ఉన్నది ఉర్రాక్ కాదు. తొక్కిన రసం. నాకు ఆ రోజే తెలుసు. తాగింది నేను. పదిహేను రోజులూ నేనే. ఇవాళ కూడా."

"త్యాగం!" లిగోరియో అరిచాడు. "సార్, నమ్మకండి! స్నేహితుడి కోసం నేరం నెత్తిన వేసుకుంటున్నాడు! ఇతను నా ముక్కు సార్. నా ముక్కు నాకు తెలియకుండా ఎలా తాగుతుంది?"

"సీసా నీ సాక్ష్యాల పెట్టెలో ఉంది లిగోరియో. ప్రశ్నాపత్రాల కింద."

కొంసు ఆంటీ వెళ్ళి పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించింది. రెండు ఖాళీ సీసాలు, సగం ఉన్నది ఒకటి, ఎండిపోయిన నిమ్మతొక్కలు, నూట నలభై కాగితాలు. లిగోరియో ఆ సీసాని చాలాసేపు చూశాడు. టోపీ తీశాడు. తీశాక చిన్నపిల్లాడిలా కనిపించాడు.

"నా మంచం కిందా?" అన్నాడు. "నాకు చెప్పలేదేం రా?"

నేను కింద పడ్డ నిమ్మతొక్క ఒకటి ఏరి పెట్టెలో వేశాను.

కొంతసేపటికి అతను టోపీ మళ్ళీ పెట్టుకుని, కేణీ సార్ వైపు తిరిగి, "కేసు ఛేదించబడింది సార్. మీరిచ్చిన గడువులోనే," అన్నాడు. ఆయన కాదనలేదు. ఎవరం కాదనలేదు.

సార్ పునో కాగితాన్ని నాలుగుగా మడిచి సొరుగులో పెట్టేశారు. "మీ అత్తయ్యకి కాలు నయమయ్యేదాకా వెళ్ళిరా. ఎక్కడికి వెళ్తున్నావో నాకు చెప్పి వెళ్ళు, చాలు." నా వైపు చూడ్డానికి ఆయనకి కొంచెం టైం పట్టింది. "పరీక్షలు ఇంటినుంచి వచ్చి రాసుకో గావస్. నేను మాటిచ్చాను. నీకోసం మార్చలేను."

"మార్చొద్దు సార్."

కొంసు ఆంటీ మాత్రం తలుపు దాటేటప్పుడు గరిటెతో నా వీపు మీద ఒకటి వేసింది. తర్వాత ఒక పొట్లంలో పావ్, చేపల వేపుడు కట్టి ఇచ్చింది. రెండూ ఒకే చేత్తో ఇచ్చింది.

నాలుగింటికి మా ఊరి వైపు వెళ్ళే వాల్పై బస్సు. పెట్టె పట్టుకుని లిగోరియో వచ్చాడు. నా పెట్టె అనుకుని తన సాక్ష్యాల పెట్టె మోసుకొచ్చాడు. అది తెలుసుకుని వెనక్కి పరిగెత్తాడు. అతను నా పెట్టెతో రొప్పుకుంటూ తిరిగొచ్చేదాకా కండక్టరు తిడుతూనే బస్సు ఆపాడు. కిటికీలోంచి పెట్టె అందిస్తూ లిగోరియో అన్నాడు, "ఒరేయ్, పరీక్షకి ముందురోజే వచ్చెయ్. మడగావ్‌లో మా ఇంట్లో పడుకుందువుగాని. నాకు నీ వాసన ఎలాగూ తెలీదు, మా అమ్మకి తెలుస్తుంది. జాగ్రత్త."

బస్సు కదులుతుండగా ఎవరో కుంటుకుంటూ ఎక్కి నా పక్క సీట్లో కూచున్నారు. పునో. అప్పటికి అతను మేనత్త తొట్టిలో ఉండాల్సిన వేళ.

"నువ్వెక్కడికి?"

"మీ ఊరికి."

"ఎందుకు? అత్తయ్య పండ్లో?"

"ఒక్కరోజుకి కుళ్ళిపోవులే."

కిటికీ బయట కొండల నిండా ఎర్రగా, పసుపుగా జీడిపండ్లు. ఆ గాలి లోపలికి వస్తుంటే నాకు నోరూరింది. సిగ్గేసింది, అయినా ఊరింది.

"ఇది ఏప్రిల్ నెల సంగతే పునో," అన్నాను. "సీజన్ అయిపోతే నేనూ ఆపేస్తాను."

"నేనూ అలాగే అనుకున్నా. ఉర్రాక్ మే నెలతో అయిపోయింది. ఫెణి పన్నెండు నెలలూ దొరికింది." అతను కాలు చాపుకుని తుంటి మీద చెయ్యి వేసుకున్నాడు. "మీ ఊళ్ళో బస్సు దిగితే ఇంటికి ఎంత దూరం?"

"పది నిమిషాలు."

"దారిలో బట్టీలెన్ని?"

లెక్కపెట్టుకోవడానికి నాకు వేళ్ళు కావాల్సి వచ్చింది. "మూడు. ఒకటి మా మామదే. దిగగానే కుడిచేతి వైపు. ఎప్పుడూ పిలుస్తాడు."

"అయితే కుడి పక్కన నేను నడుస్తాను," అన్నాడు పునో.